విశ్వవిద్యాలయాలలో కౌన్సెలింగ్: ఓదార్పుతో సరిపెట్టరాదు

2025 జూలై 25వ తేదీన సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశ పరీక్షకు శిక్షణ పొందుతూ 2023లో మరణించిన ఒక బాలిక తండ్రి, కుమార్తె మరణంపై సరియైన దర్యాప్తు జరగలేదని న్యాయస్థానాల మెట్లు ఎక్కగా వచ్చిన తీర్పు అది. దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించటంతో న్యాయస్థానం ఆగలేదు. నూరుగురు, అంతకు మించి విద్యార్థులు గల ప్రతి విద్యాసంస్థా శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, మనస్తత్వ నిపుణునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒక్కరిని నియమించుకొని తీరవలెనని ఆదేశించింది. ఈ విషయమై తగిన శాసనం వచ్చేవరకు ఈ మార్గదర్శకాలు దేశమంతటా అమలు జరగవలెనని కూడా స్పష్టం చేసింది.

కనుక విశ్వవిద్యాలయాలలో కౌన్సెలింగ్ కేంద్రం అవసరమా, అనవసరమా అన్న చర్చకు ఇక తావు లేదు. అది ఎటువంటి కేంద్రం, ఎవరి నాయకత్వాన నడుస్తుంది, ఎవరి అజమాయిషీ కింద ఉంటుంది అన్నవే ఇప్పుడు తేలవలసి ఉన్నవి. ఈ విషయంలో మా అభిప్రాయాన్ని ముందే చెబుతున్నాము. విద్యార్థి దుఃఖాన్ని విని, ఆ దుఃఖానికి మూలమైన అసమానతను అధికారుల ఎదుట నిర్భయంగా చెప్పగల స్వాతంత్ర్యం ఆ కేంద్రం బాధ్యులకు ఉండాలి. ఆ స్వాతంత్ర్యం ఉద్యోగ భద్రత లేనిదే నిలువదు. ఈ రెండూ లేనిచోట కౌన్సెలింగ్ పేరున జరిగేది ఓదార్పు మాత్రమే.

మన తెలుగునాట ‘కౌన్సెలింగ్’ అన్న మాటకు ఉన్న అర్థాలను ఒకసారి తలచుకోవటం మంచిది. ఇంటర్మీడియట్ పాసైన పిల్లల తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ అంటే ర్యాంకు చూసి సీటు కేటాయించే తతంగం. బస్తీలలో కౌన్సెలింగ్ అంటే రౌడీషీటు ఉన్నవారిని పోలీసు స్టేషనుకు పిలిపించి హెచ్చరించి పంపటం. కళాశాలలో ‘వాడికి కౌన్సెలింగ్ ఇచ్చారు’ అంటే పెద్దల ఎదుట నిలబెట్టి చీవాట్లు పెట్టారని అర్థం. ఈ మూడింటిలోను మాట్లాడేది అధికారం గలవాడు, తలవంచుకొని వినేది లేనివాడు. ఇప్పుడు ఏర్పడవలసిన కేంద్రాలలో ఈ వరుస తారుమారు కావాలి. మాట్లాడవలసినది విద్యార్థి, వినవలసినది సంస్థ. ఈ తేడాను గ్రహించని విశ్వవిద్యాలయం ఎన్ని గదులకు ఎన్ని బోర్డులు కట్టినా ఆ గుమ్మం తొక్కే విద్యార్థి ఉండడు.

మన బిడ్డలే అక్కడ ఉన్నారు

‘ఇది విద్యావేత్తల విషయం, కార్మిక సంఘాలకు ఇందులో పనేమి?’ అని కొందరు మిత్రులు అడగవచ్చును. దానికి సమాధానం లెక్కలలోనే ఉన్నది. 2021–22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్య చదువుతున్నవారు సుమారు 4.33 కోట్లు. వారిలో స్త్రీలు 2.07 కోట్లు. షెడ్యూల్డు కులాలవారు 66 లక్షలకు పైగా, షెడ్యూల్డు తెగలవారు 27 లక్షలకు పైగా, ఇతర వెనుకబడిన తరగతులవారు 1.63 కోట్లు. అనగా ఉన్నత విద్యలో ఉన్నవారిలో సగానికి మించినవారు, ఒకటి రెండు తరాల క్రితం కళాశాల గేటు లోపలికి రావటమే అరుదైన కుటుంబాల నుండి వస్తున్నారు.

వీరెవరు? నిజామాబాదు బీడీ కార్మికురాలి కుమార్తె, సింగరేణి కాంట్రాక్టు కార్మికుని కుమారుడు, షోలాపూర్, భివండీ మరమగ్గాలపై జీవితాలు గడిపిన తెలుగు నేతగాళ్ల మనుమలు, మునిసిపల్ పారిశుధ్య కార్మికుల బిడ్డలు. రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు, సంక్షేమ హాస్టళ్లు దశాబ్దాల ఉద్యమాల ఫలితంగా వచ్చినవే. వాటి మూలాన తలుపు తెరుచుకున్నది. లోపలికి వచ్చిన బిడ్డ లోపల నిలదొక్కుకుంటున్నాడా అన్నది ఇప్పుడు మనం అడగవలసిన రెండవ ప్రశ్న.

జాతీయ నేర నమోదుల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఏ ఒక్క మరణానికీ ఒకే కారణం ఉంటుందని అనుకోరాదు. పరీక్షా ఫలితాలు, కుటుంబ కలహాలు, అప్పులు, అనారోగ్యం, ఒంటరితనం కలగలిసి ఉంటాయి. అయితే వాటికి తోడు నీ పుట్టుక, నీ భాష, నీ రంగు, నీ శరీరం ఇక్కడికి తగవని ప్రతిరోజూ గుర్తుచేసే వాతావరణం ఉంటే మోయవలసిన బరువు రెట్టింపవుతుంది. ఆ రెండవ బరువు ప్రకృతి పెట్టినది కాదు. మనుషులు పెట్టినది కాబట్టి మనుషులే దించగలరు.

కమిటీలు, నిబంధనలు, మరణాలు

ఈ విషయం ఈనాడు కొత్తగా బయటపడినది కాదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో దళిత, ఆదివాసీ విద్యార్థుల పట్ల వివక్ష జరుగుతున్నదన్న ఆరోపణలపై 2006లో ప్రభుత్వం ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన కమిటీని నియమించింది. 2007లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. హాస్టళ్లలో ఈ విద్యార్థులు వేరుపడి ఉండవలసిన స్థితి, ఉపాధ్యాయుల సహకారం కొరవడటం వంటి సంగతులు అందులో నమోదైనవి. 2012లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ఉన్నత విద్యాసంస్థలలో సమానత పెంపొందించేందుకు నిబంధనలు చేసింది. ప్రతి సంస్థలోను సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని అందులో విధించింది.

నిబంధనలు అచ్చయిన తరువాతనే 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణించాడు. హాస్టలు నుండి బహిష్కృతులైన ఐదుగురు పరిశోధకులలో అతడొకడు. నెలల తరబడి అతనికి ఫెలోషిప్ అందలేదు. 2019 మే నెలలో ముంబయిలో ఆదివాసీ వైద్యురాలు, స్నాతకోత్తర విద్యార్థిని డాక్టర్ పాయల్ తడ్వి మరణించింది. ఆ ఇద్దరి తల్లులు, రాధికా వేముల, ఆబేదా సలీం తడ్వి, అదే సంవత్సరం సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2012 నిబంధనలను నిజంగా అమలు జరపండి అన్నదే వారి ప్రార్థన. కడుపుకోతకు గురైన ఇద్దరు తల్లులు ప్రభుత్వపు సొంత నిబంధనలను అమలు జరిపించటానికి సర్వోన్నత న్యాయస్థానానికి పోవలసి రావటం కన్న శోచనీయమైన విషయం వేరే ఉన్నదా?

ఆ వ్యాజ్యం సాగుతుండగానే 2025 మార్చి 24న సుప్రీంకోర్టు మరొక కేసులో, ఉన్నత విద్యాసంస్థలలో విద్యార్థుల మానసిక ఆరోగ్యాన్ని పరిశీలించి ఆత్మహత్యల నివారణకు సూచనలు చేయటానికి, విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని నియమించింది. 2026 జనవరిలో గ్రాంట్ల సంఘం సమానతపై కొత్త నిబంధనలు ప్రకటించగా, అదే నెలలో సుప్రీంకోర్టు వాటి అమలును నిలిపివేసి, 2012 నాటి నిబంధనలు కొనసాగాలని ఆదేశించింది. ఆ కొత్త నిబంధనల మంచిచెడ్డలపై వాదోపవాదాలు ఎట్లున్నా, ఒక విషయం మాత్రం మరువరాదు. న్యాయస్థానంలో వాదన సాగినంతకాలం హాస్టలు గదిలో ఉన్న విద్యార్థి జీవితం ఆగి ఉండదు. ఈ రాత్రి అతని తలుపు తట్టేవారెవరు అన్న ప్రశ్నకు సమాధానం ఈ రాత్రే కావాలి.

గాయం ఎక్కడ తగులుతున్నది

కౌన్సెలింగ్ కేంద్రానికి నాయకత్వం వహించేవారు మొట్టమొదట తెలుసుకోవలసినది గాయం తగిలే చోట్లను. అవి పుస్తకాలలో కన్న ప్రాంగణాలలోనే స్పష్టంగా కనబడతాయి.

తరగతి మొదలైన మొదటిరోజే ‘నీ ర్యాంకు ఎంత?’ అన్న ప్రశ్న వస్తుంది. అడిగినవాడికి కావలసినది ర్యాంకు కాదు, కులం. పదవ తరగతి దాకా తెలుగులోనో, ఒడియాలోనో, సంతాలీలోనో చదివిన విద్యార్థి ఇంగ్లీషు ఉపన్యాసం ఎదుట మూగవాడవుతాడు. అతని మౌనానికి తెలివితక్కువతనమని పేరు పెడతారు. ఫెలోషిప్ మూడు నెలలు ఆలస్యమైతే సంపన్నుని బిడ్డకు అది అసౌకర్యం మాత్రమే, కూలివాని బిడ్డకు మెస్ బిల్లు కట్టలేని అవమానం. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయి ప్రభుత్వం చెల్లించవలసినది. ఆ బకాయి చూపి కళాశాల సర్టిఫికెట్లు ఆపితే ఉద్యోగం పోగొట్టుకునేది విద్యార్థి. పరిశోధక విద్యార్థి భవిష్యత్తు సమస్తమూ ఒక్క గైడు సంతకంలో ఉంటుంది. ఆ గైడు మీదనే ఫిర్యాదు ఉన్నప్పుడు ఎవరితో చెప్పుకోవాలి?

ఈశాన్య రాష్ట్రాల విద్యార్థుల ముఖాలు చూసి విదేశీయులని ఎగతాళి చేయటం పెద్ద నగరాలలో ఇప్పటికీ ఉన్నది. 2014లో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నీడో తానియా దాడికి గురై మరణించిన తరువాత ఈ విషయమై బెజ్‌బారువా కమిటీని నియమించవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఒక నేపాలీ విద్యార్థిని మరణించగా, నిరసన తెలిపిన నేపాలీ విద్యార్థులను వందల సంఖ్యలో హాస్టళ్ల నుండి పంపివేశారు. రెండు దేశాల ప్రభుత్వాలు కల్పించుకొన్న తరువాత తిరిగి రమ్మన్నారు. దుఃఖంలో ఉన్నవారికి ఆ క్షణాన కావలసినది ఊరట, దొరికినది రైల్వే స్టేషను దారి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో ఐదు శాతానికి తక్కువ కాకుండా వారికి సీట్లు కేటాయించాలన్నది. చక్రాల కుర్చీ ఎక్కలేని మెట్ల పైన కౌన్సెలింగ్ గది పెడితే ఆ చట్టానికి అర్థమేమి? ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 2019లో వచ్చింది. వారికి హాస్టలు గది ఏ వైపున ఇవ్వాలో తేల్చుకోలేని సంస్థలు ఎన్నో ఉన్నవి.

వైవిధ్యం అన్నమాటను ఉత్సవపు పందిరికి కట్టే రంగుకాగితంగా భావించరాదు. ఇన్ని రకాల మనుషులు ఒకే కప్పు కింద చేరినప్పుడు, ఎవరికి ఎక్కడ ఇరుకుగా ఉన్నదో కనిపెట్టి సర్దుబాటు చేయటమే దాని అర్థం.

రెండు వాదాలు

ఈ కేంద్రాలను గురించి రెండు వైపుల నుండి విమర్శ వినబడుతున్నది. రెండింటిలోను కొంత నిజం ఉన్నది. రెండింటికీ జవాబు చెప్పవలసి ఉన్నది.

మొదటిది మన శిబిరంలోనిదే. ‘అన్యాయాన్ని వ్యాధిగా మార్చి, ఆందోళన చేయవలసినవాడిని రోగిగా చేయటానికే ఈ కౌన్సెలింగ్. వివక్ష చేసినవాడు ఉపాధ్యాయుడుగా ఉంటాడు, వివక్షకు గురైనవాడు మాత్రం ఊపిరి పీల్చటం ఎట్లాగో నేర్చుకోవాలి’ అని కొందరు విద్యార్థి నాయకులు అంటున్నారు. ఈ ప్రమాదం ఊహించినది కాదు, నిజమైనదే. కర్మాగారంలో యంత్రానికి రక్షణ తొడుగు వేయకుండా ‘జాగ్రత్తగా పనిచేయుము’ అని గోడమీద రాసే యాజమాన్యాలను మనం ఎరుగుదుము. అయినప్పటికీ వేలు తెగిన కార్మికునికి కట్టు కట్టవద్దని మనం ఎన్నడూ అనలేదు. కట్టు కట్టాము, ఆ తరువాత యంత్రం దగ్గరకు పోయి తొడుగు కోసం పోరాడాము. రెండింటిలో దేనినీ విడిచిపెట్టరాదు.

రెండవ వాదం అధికారుల శిబిరంలోనిది. ‘మనస్సుకు కులం లేదు, మతం లేదు. కౌన్సెలర్ అందరినీ సమానంగా చూస్తే చాలును. ప్రత్యేకంగా సమానత అంటూ పేరు పెట్టటమే విభజన’ అన్నది ఆ వాదం. వినటానికి ఇది ఉదారంగానే ఉన్నది. కానీ తన బాధ కులాన్నిబట్టి వచ్చినదని చెప్పే విద్యార్థితో ‘అదంతా నీ ఊహ’ అన్న కౌన్సెలర్ అతనికి రెండవసారి అవమానం చేసినట్లే. మనవారు ‘కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది’ అంటారు. ఇంటిగుట్టు, ఒంటిబాధ బయటపెట్టటానికి మామూలు మనిషే వెనుకాడతాడు. బయటపెట్టిన తరువాత దానిని నమ్మకపోతే ఇక జీవితంలో మరెవరికీ చెప్పడు. కనుకనే సమాజంలోని వివక్ష ఏ రూపంలో మనస్సును కుంగదీస్తుందో తెలిసినవారు ఈ పనిలో ఉండాలి. 2025 జూలై తీర్పు కూడా అణగారిన వర్గాల నుండి, లైంగిక అల్పసంఖ్యాక వర్గాల నుండి వచ్చినవారితోను, వికలాంగ విద్యార్థులతోను వివక్ష లేకుండా వ్యవహరించటంలో సిబ్బందికి శిక్షణ ఉండాలని చెప్పింది.

నాయకత్వం వహించేవారికి కావలసినవేమి

కొత్తగా ఏర్పడే కేంద్రానికి బాధ్యత వహించేవారు ఎంత ఉత్తములైనా, వారి చుట్టూ ఉన్న ఏర్పాటు సరిగా లేకపోతే ఏమీ చేయలేరు. ఆ ఏర్పాటులో ఈ క్రింది అంశాలు తప్పనిసరి అని మేము భావిస్తున్నాము.

ఒకటి: కేంద్రం క్రమశిక్షణ విభాగం నుండి పూర్తిగా వేరుగా ఉండాలి. చీఫ్ వార్డెనుకో, ప్రొక్టరుకో కౌన్సెలింగ్ బాధ్యత అదనంగా అప్పగించటం అనేక సంస్థలలో ఆనవాయితీ. ఉదయం సంజాయిషీ నోటీసు ఇచ్చిన చేతికి సాయంత్రం మనస్సు విప్పి చూపేవారు ఉండరు.

రెండు: గోప్యత. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, చికిత్స పొందే వ్యక్తి వివరాలు గోప్యంగా ఉంచటం అతని హక్కు అన్నది. ఈ చట్టం 2018 మే 29 నుండి అమలులో ఉన్నది. ప్రాణాపాయం ఉన్నప్పుడు అవసరమైన మేరకు ఇతరులకు తెలుపవచ్చును. ఆ మినహాయింపు ఏమిటో మొదటి సమావేశంలోనే విద్యార్థికి అతని భాషలో చెప్పాలి. విద్యార్థి ఫైలు వైస్‌ఛాన్సలర్ అడిగినా ఇవ్వవలసిన పని లేదన్న నియమం వ్రాతపూర్వకంగా ఉండాలి.

మూడు: ఫిర్యాదు దారి. కౌన్సెలర్ న్యాయమూర్తి కారు, దర్యాప్తు అధికారి కారు. విద్యార్థి కోరినప్పుడు అతనిని వివక్ష నిరోధక అధికారి వద్దకో, లైంగిక వేధింపుల విచారణ కమిటీ వద్దకో చేయిపట్టి తీసుకుపోగలగాలి. కోరనప్పుడు బలవంతం చేయరాదు. ఆ నిర్ణయం విద్యార్థిది.

నాలుగు: పేర్లు లేని వార్షిక నివేదిక. ఒకే విభాగం నుండి, ఒకే హాస్టలు నుండి, ఒకే సమయంలో పదిమంది ఒకే బాధతో వస్తే అది పది వ్యక్తిగత బలహీనతలు కాదు, ఒక సంస్థాగత లోపం. ఎవరి గుర్తింపూ బయటపడకుండా ఆ సంగతిని అకడమిక్ కౌన్సిల్ ఎదుట పెట్టే అధికారం కేంద్రానికి ఉండాలి. తీసుకున్న చర్య ఏమిటో తరువాతి సంవత్సరం నివేదికలో ఉండాలి. సమానత కార్యక్రమానికి ఇదే ప్రాణం. ఇది తీసివేస్తే మిగిలేది కన్నీళ్లు తుడిచే గుడ్డముక్క.

ఐదు: భాష, వేళలు. ఒక్క ఇంగ్లీషులోనే మనస్సు విప్పమంటే విప్పలేరు. ప్రాంతీయ భాషలు తెలిసినవారు, స్త్రీలు, దళిత ఆదివాసీ నేపథ్యం గలవారు బృందంలో ఉండాలి. పదింటికి తెరిచి ఐదింటికి మూసే కార్యాలయం ఇది కాదు. బాధ రాత్రిపూటనే ముదురుతుంది. కేంద్రం మూసి ఉన్న వేళలలో 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత సేవ 14416 నంబరులో తెలుగులో కూడా లభిస్తుందని ప్రతి హాస్టలు గోడపైన ఉండాలి.

ఆరు: వైద్య సంబంధం. కౌన్సెలింగుతో తీరనివి ఉంటాయి. మందులు అవసరమైనవారిని ఆలస్యం చేయక వైద్యుని వద్దకు పంపాలి. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులో నిమ్‌హాన్స్ వంటివి ఉన్నవి. ‘ఎర్రగడ్డ’ అన్న పేరును ఎగతాళిగా వాడే అలవాటు మన సమాజంలో ఉన్నంతకాలం అవసరమైనవారు అక్కడికి పోవటానికి సిగ్గుపడుతూనే ఉంటారు. ఆ అలవాటును మాన్పటం కూడా ఈ కార్యక్రమంలో భాగమే.

పదకొండు నెలల కాంట్రాక్టు

పై ఆరింటికీ ఆధారమైనది మరొకటి ఉన్నది. దానిని గురించి విద్యావేత్తలు ఎక్కువగా మాట్లాడరు. అది ఆ కౌన్సెలర్ ఉద్యోగ స్థితి.

న్యాయస్థానం కనీసం ఒక్కరు అన్నది. విద్యార్థుల సంఖ్యకు తగిన నిష్పత్తి ఉండాలని కూడా అన్నది, కానీ ఆ అంకెను నిర్ణయించలేదు. కనుక పదివేల మంది చదివే విశ్వవిద్యాలయం కూడా ఒక్కరిని పెట్టి ఆదేశం పాటించామని చెప్పే ప్రమాదం ఉన్నది. లెక్క వేసి చూద్దాము. ఐదువేల మంది విద్యార్థులకు ఒక కౌన్సెలర్ అనుకుందాము. రోజుకు ఆరుగురితో కూర్చుంటే, సంవత్సరానికి 250 పనిదినాలలో 1,500 సమావేశాలు. విద్యార్థులలో పదింట ఒకరికి, అనగా 500 మందికి మాత్రమే అవసరం వచ్చిందనుకున్నా తలకు మూడు సమావేశాలతో ఏడాది ముగిసిపోతుంది. ఇక హాస్టళ్లు తిరిగేదెప్పుడు, సిబ్బందికి శిక్షణ ఇచ్చేదెప్పుడు, నివేదిక రాసేదెప్పుడు, అర్ధరాత్రి ఆపద వస్తే పరుగెత్తేదెవరు? వినేవారి మనస్సు అలసిపోతే దానిని వినేవారెవరు?

ఆ ఒక్కరిని కూడా పదకొండు నెలల కాంట్రాక్టు మీదనో, అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారానో తీసుకోవటం నేడు పరిపాటి అయినది. విభాగాధిపతిపై విద్యార్థులు చెప్పిన బాధలను నివేదికలో రాస్తే వచ్చే సంవత్సరం కాంట్రాక్టు పునరుద్ధరణ కాగితంపై సంతకం పడుతుందా అన్న భయం ఉన్న వ్యక్తి, ఎంత ధైర్యశాలి అయినా, ఎన్నాళ్లు నిజం రాయగలరు? ఏడాదికొకరు మారితే విద్యార్థి తన కథను ఎన్నిసార్లు మొదటినుండి చెప్పాలి? ఉపాధ్యాయుల విషయంలో కాంట్రాక్టు నియామకాలు మొత్తం పోస్టులలో పదిశాతాన్ని మించరాదని గ్రాంట్ల సంఘం 2018 నిబంధనలలోనే రాసింది. మనస్సులను కాపాడే పనికి ఆపాటి స్థిరత్వమైనా అవసరం లేదా? కౌన్సెలర్లకు ఉద్యోగ భద్రత కోరటం కేవలం ఒక తరగతి ఉద్యోగుల జీతభత్యాల సమస్య కాదని, విద్యార్థి ప్రాణానికి సంబంధించిన విషయమని అందుకే అంటున్నాము.

మరొక మాట. ప్రాంగణంలో విద్యార్థి కుంగుబాటును మొదట గమనించేవారు ప్రొఫెసర్లు కారు. రెండురోజులుగా ఎవరు అన్నానికి రాలేదో మెస్‌లో వడ్డించేవారికి తెలుసు. ఎవరి గది దీపం తెల్లవార్లూ వెలుగుతున్నదో వాచ్‌మన్‌కు తెలుసు. ఎవరు ఏడ్చి ముఖం కడుక్కున్నారో హాస్టలు ఊడ్చే అమ్మకు తెలుసు. బోధనేతర సిబ్బందికి కూడా ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఉండాలని 2025 తీర్పు చెప్పింది. ఆ శిక్షణ పనిగంటలలో, జీతంతో జరగాలి. గమనించిన సంగతి చెప్పినందుకు ‘నీకెందుకు?’ అని గదమాయించని ఏర్పాటు ఉండాలి. కనీస వేతనం సకాలంలో అందని కాంట్రాక్టు కార్మికురాలిపై ప్రాణరక్షణ బాధ్యత కూడా మోపి ఊరుకోవటం న్యాయం కాదు.

మన శాఖల కర్తవ్యం

విశ్వవిద్యాలయాలలో పనిచేసే బోధన, బోధనేతర, కాంట్రాక్టు సిబ్బంది సంఘాల శాఖలన్నిటికీ మా విజ్ఞప్తి ఇది. మీ సంస్థలో కౌన్సెలింగ్ కేంద్రం ఉన్నదా, ఎందరు ఉన్నారు, ఏ షరతులపై ఉన్నారు అన్న వివరాలు సేకరించండి. అవసరమైతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి కాగితంపై ఉన్నారా, కుర్చీలో ఉన్నారా తెలుసుకోండి. కౌన్సెలర్ పోస్టులు మంజూరైన శాశ్వత పోస్టులుగా ఉండాలని, విద్యార్థుల సంఖ్యనుబట్టి వాటి సంఖ్య నిర్ణయించాలని, అణగారిన వర్గాలకు ఆ పోస్టులలో రావలసిన వాటా ఇవ్వాలని ఉమ్మడిగా తీర్మానాలు చేసి పంపండి. విద్యార్థి సంఘాలతో కూర్చొని మాట్లాడండి. మన సభ్యుల ఇళ్లలో చదువుకుంటున్న బిడ్డలతో మార్కులు కాక మరొక మాట కూడా మాట్లాడమని తల్లిదండ్రులకు చెప్పండి. బిడ్డ ఇంటికి ఫోను చేసి ‘బాగానే ఉన్నాను’ అన్నప్పుడు ఆ గొంతును కూడా వినమనండి.

రాజ్యాంగం 46వ అధికరణంలో బలహీన వర్గాల, ప్రత్యేకించి షెడ్యూల్డు కులాల, తెగల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించవలెనని, సామాజిక అన్యాయం నుండి వారిని కాపాడవలెనని రాజ్యానికి చెప్పింది. ఆ రెండు బాధ్యతలను ఒకే వాక్యంలో ఉంచింది. విద్య ఇచ్చి అన్యాయానికి వదిలివేయమని చెప్పలేదు. కొత్తగా ఏర్పడే ప్రతి కౌన్సెలింగ్ కేంద్రమూ ఆ వాక్యానికి ఒక పరీక్ష. అందులో కూర్చున్నవారు నిర్భయంగా వినగలిగితే, విన్నది నిర్భయంగా చెప్పగలిగితే, చెప్పినదానిపై సంస్థ కదలితే అది సమానత కార్యక్రమం అనిపించుకుంటుంది. ఆ మూడింటికీ అవసరమైన షరతులను సాధించటం ఈ సంవత్సరం మన ముందున్న పని. ప్రతి శాఖ ఈ విషయాన్ని తన తదుపరి సమావేశపు ఎజెండాలో చేర్చవలసినదిగా కోరుతున్నాము.